తైవాన్ కొండల్లో పక్షుల ఫోటో యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి చివర్లో మేము నడిపే 11 రోజుల తైవాన్ యాత్ర గురించి ఫోన్లలో, ఉత్తరాల్లో వచ్చే ప్రశ్నలివి. బృందంలో ఏడుగురికి మించరు. మేమిద్దరం తెలుగువాళ్ళం, మాతో ఒక స్థానిక గైడు ఉంటారు. ఇది చదివాక కూడా సందేహం మిగిలితే నిస్సంకోచంగా అడగండి. "మికాడో (అక్కడి కొండల్లో ఉండే ఫెజెంట్, అంటే అడవికోడి లాంటి పక్షి) ఖాయంగా కనబడుతుందా?" అన్న ప్రశ్న మాత్రం కింద చదివాకే అడగండి.

పక్షుల కోసం తైవానే ఎందుకు?

ఆ దీవి విస్తీర్ణం సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడో వంతుకంటే తక్కువ. అంత చిన్న నేల మీద 3,000 మీటర్లు దాటిన శిఖరాలు 200కు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైనది 3,952 మీటర్ల యూషాన్. కర్కట రేఖ దీవి నడుమ నుంచి పోతుంది. దాంతో కింద చెరకు, అరటి పండుతుంటే పైన దేవదారు, ఇంకా పైన మంచు పడే గడ్డి మైదానాలు కనిపిస్తాయి. పొద్దున చెమట తుడుచుకుంటూ బయలుదేరి మధ్యాహ్నానికి స్వెటరు వేసుకోవచ్చు.

సముద్రం మధ్య విడిగా ఉండిపోయిన ఈ కొండల్లో పక్షులు వాటి దారిన అవి మారాయి. వర్గీకరణను బట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ, ప్రపంచంలో మరెక్కడా లేని జాతులు ఇక్కడ దాదాపు 30 ఉన్నాయి. రోడ్లు బాగుంటాయి, దారి పక్కనే శుభ్రమైన మరుగుదొడ్లుంటాయి. రాత్రి పదింటికి ఒంటరిగా నడిచినా భయముండదు. మా బృందాల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఉండటానికి ఈ చివరి మాట ఒక కారణం.

మార్చి చివరే ఎందుకు? వేసవి సెలవుల్లో పెట్టవచ్చు కదా?

చాలామంది ఉపాధ్యాయులు అడుగుతారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ మే, జూన్ నెలల్లో అక్కడ ప్లమ్ పండ్ల వానలని పిలిచే ముసురు పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు తుపాన్ల కాలం. కొండ రోడ్డు మీద ఒక్క చరియ విరిగిపడితే మూడు రోజుల ప్రణాళిక గంగలో కలుస్తుంది.

మార్చి చివర్లో చలి తగ్గుతుంది, కొండపక్షులు పాట మొదలుపెడతాయి, చలికాలపు వలస పక్షులు ఇంకా పూర్తిగా వెళ్ళిపోవు. ఒక్క లోటుంది. ఫెయిరీ పిట్టా ఏప్రిల్ చివరికి గాని రాదు. మన తూర్పు కనుమల్లో కనబడే పొన్నంకి పిట్టకు అది దగ్గరి చుట్టం. దాని కోసమే రావాలనుకుంటే ఈ యాత్ర మీకు కాదు. అది గూడు కట్టే సమయంలో చుట్టూ కెమెరాలతో మూగడం మాకు ఇష్టం లేదు కాబట్టి, దాని కోసం వేరే యాత్ర పెట్టే ఆలోచన కూడా లేదు.

ఎక్కడెక్కడికి వెళతాం?

తైపేలో రెండు రాత్రులు, దాశ్వేషాన్ అడవిలో మూడు, హెహ్వాన్‌షాన్ దగ్గర ఒకటి, అలీషాన్‌లో రెండు, తైనాన్ తీరంలో రెండు. మొత్తం పది రాత్రులు.

"ఇన్ని రోజుల్లో ఇంకా నాలుగు చోట్లు చూడవచ్చు" అని కొందరంటారు. చూడవచ్చు, ఫోటోలు తీయలేరు. దాశ్వేషాన్ అంటే పెద్ద మంచుకొండ. తుంగ్‌షి ఊరి నుంచి సుమారు 50 కిలోమీటర్ల అటవీ రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ 2,600 మీటర్ల దాకా పోతుంది. ఆ రోడ్డు మీద పక్షులకు చిరునామాలు కిలోమీటరు రాళ్ళే. స్విన్‌హో ఫెజెంట్ అంటే 23వ కిలోమీటరు, బస 43 దగ్గర, మికాడో అంటే 47 దాటాక. అక్కడి ఫోటోగ్రాఫర్లు ఒకరినొకరు కుశలం అడగరు. "23లో ఏముంది?" అనే అడుగుతారు. ఒకే రోడ్డు మీద మూడు రోజులు పైకీ కిందికీ తిరిగితేనే ఏ మలుపులో ఏ వేళకు వెలుగు పడుతుందో తెలుస్తుంది.

మికాడో ఫెజెంట్ ఖాయంగా కనబడుతుందా?

హామీ ఇవ్వం. ఇచ్చేవాళ్ళను నమ్మకండి.

ఈ పక్షి కథే అలాంటిది. 1906లో వాల్టర్ గుడ్‌ఫెలో అనే ఇంగ్లీషు సేకర్త అలీషాన్ కొండల్లో తిరుగుతుంటే, ఒక ఆదివాసి కూలీ తలపాగాలో రెండు పొడవాటి తోక ఈకలు కనిపించాయి. పక్షి కనిపించలేదు. ఆ రెండు ఈకలు లండన్ చేరితే, వాటిని బట్టే ఇది కొత్త జాతి అని తేల్చి పేరు పెట్టారు. అప్పుడు తైవాన్ జపాన్ పాలనలో ఉంది కాబట్టి జపాన్ చక్రవర్తి బిరుదే పక్షి పేరయింది. ఇప్పుడు అది తైవాన్ 1,000 డాలర్ల నోటు మీద యూషాన్ శిఖరంతో పాటు ఉంది. విమానాశ్రయంలో డబ్బు మార్చుకోగానే మీకు మొదటి మికాడో దొరికినట్టే. అసలుది దొరకడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

మగపక్షి ఒళ్ళు నలుపు కలిసిన నీలం, మొహం ఎరుపు, పొడవాటి తోక మీద తెల్లని అడ్డపట్టీలు. దాన్ని మంచులోని రాజు అంటారు అక్కడివాళ్ళు. అది ఉత్త పొగడ్త కాదు. ఎండ కాస్తే అడవి లోపలే ఉండిపోతుంది. మధ్యాహ్నం పొగమంచు కమ్మి, సన్నని తుంపర మొదలైతే రోడ్డు అంచుకు వచ్చి తీరిగ్గా మేస్తుంది. సరిగ్గా ఆ సమయానికే చాలా బృందాలు "ఇంక వెలుగు లేదు" అని కెమెరాలు సర్దేసి బసకు పోతాయి. మేము అప్పుడే ఫ్లాస్కులో టీ పోసుకుని బయలుదేరతాం. ఈ యాత్రలో మేము నేర్పగలిగింది ఏదైనా ఉంటే అది ఇదే: మంచు పడగానే వెనక్కి తిరగకండి.

మేము వెళ్ళిన ప్రతిసారీ కనబడలేదు. ఒకసారి మూడు రోజులూ నీలాకాశం. అందరూ సంబరపడ్డారు, మా గైడు తప్ప.

మరి స్విన్‌హో ఫెజెంట్?

ఇది కొంత దయగల పక్షి. ఇంకా తక్కువ ఎత్తులో ఉంటుంది, తెల్లవారుజామున రోడ్డు పక్కకు వస్తుంది. ముదురు నీలం ఒంటి మీద తెల్లని తలజుట్టు, తెల్లని వీపు, తెల్లని నడుమ తోక, ఎర్రటి కాళ్ళు. పెళ్ళికి ముస్తాబైన అడవికోడి అనుకోండి. రాబర్ట్ స్విన్‌హో పేరు దీనికి పెట్టారు. ఆయన 1836లో పుట్టింది మన కలకత్తాలోనే. బ్రిటిష్ కాన్సులేటు ఉద్యోగిగా తైవాన్ వెళ్ళి, ఆఫీసు పనికన్నా పక్షుల పని ఎక్కువ చేశాడేమో అనిపించేంతగా ఆ దీవి పక్షులను లోకానికి పరిచయం చేశాడు.

గింజలు చల్లితే దగ్గరకు వస్తాయట కదా?

వస్తాయి. కొందరు చల్లుతారు కూడా. మేము చల్లం. మా బృందంలో ఎవరైనా చల్లితే మర్యాదగానే, కానీ గట్టిగానే ఆపుతాం. మేత వేయవద్దని అక్కడ బోర్డులున్నాయి. బోర్డు లేకపోయినా కారణం కళ్ళ ముందే కనబడుతుంది: మలుపుల రోడ్డు, వేగంగా దిగే కార్లు, రోడ్డు మధ్య మొక్కజొన్న గింజలు ఏరుకునే పక్షి.

ఫోనులో పక్షి కూత మోగించి పిలవడమూ ఉండదు. వసంతంలో మగపక్షి ఆ కూత విని శత్రువు వచ్చాడనుకుని పరుగెత్తుకొస్తుంది. దాని ఆందోళన మన ఫోటోలో అందంగా పడుతుంది. అది మాకు నచ్చని అందం. గూళ్ళ దగ్గర ఆగం, ఫ్లాషు వాడం, డ్రోన్లు తేవద్దు. గూడు కనబడిన చోటు వివరాలను ఫోటోతో పాటు ఎక్కడా పెట్టవద్దని ముందే మాట తీసుకుంటాం.

"వేరే బృందం వాళ్ళు గింజలు చల్లిన చోట మనం ఫోటో తీయవచ్చా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. మా ఇద్దరి మధ్యే దీని మీద ఏకాభిప్రాయం లేదు. ప్రస్తుతానికి అలాంటి చోట ఆగకుండా ముందుకు పోతున్నాం.

ఏ కెమెరా, ఏ లెన్సు తేవాలి?

మీ దగ్గర ఉన్నదే తెండి. యాత్ర కోసం కొత్త కెమెరా కొని, పెట్టె కూడా విప్పకుండా రావడం మాత్రం వద్దు. బొత్తాలు వెతుక్కునేలోగా పక్షి వెళ్ళిపోతుంది.

100–400 లేదా 100–500 మిల్లీమీటర్ల జూమ్ ఈ యాత్రకు చక్కగా సరిపోతుంది. 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు తైనాన్ తీరంలో పనికొస్తుంది, కొండ మీద ఒక్కోసారి ఇబ్బంది పెడుతుంది. ఒక సంవత్సరం మాతో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు వచ్చారు. రెండు రోజుల ఎదురుచూపు తర్వాత మంచులోంచి మికాడో నడిచి వచ్చి ఆయనకు మూడు మీటర్ల దూరంలో నిలబడింది. ఆయన లెన్సు నాలుగు మీటర్ల కన్నా దగ్గరున్న వస్తువు మీద ఫోకస్ కాదు. వెనక్కి జరిగితే పక్షి బెదురుతుంది. మాస్టారు కెమెరా దించేసి, చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయారు. పక్షి వెళ్ళాక "మొదటిసారి సరిగ్గా చూశాను" అన్నారు. అయినా మరుసటి ఏడు 70–200 లెన్సు కొనుక్కుని మళ్ళీ వచ్చారు.

వాన తొడుగు తప్పనిసరి. అదనపు బ్యాటరీలు మూడైనా ఉండాలి, చలికి త్వరగా దిగిపోతాయి. విమానంలో వాటిని చేతిసంచిలోనే పెట్టుకోవాలి. మూడుకాళ్ళ స్టాండు మీ ఇష్టం. మా అనుభవంలో కొండ రోడ్డు మీద ఒంటికాలి స్టాండే నయం. అక్కడి కరెంటు 110 వోల్టులు, ప్లగ్గుకు రెండు బల్లపరుపు కాళ్ళు. కెమెరా చార్జర్లు చాలావరకు ఈ వోల్టేజీకి పనిచేస్తాయి, అడాప్టరు ఉంటే చాలు.

పొగమంచులో ఫోటోలు పాడైపోవా?

తెల్లని మంచును చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుంటుంది, ఫోటోను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు వరకు పైకి జరపండి. అప్పుడే మికాడో ఒంటి మీద నలుపులోంచి నీలం బయటపడుతుంది. అడవి కింద చీకటి ఎక్కువ. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) 3200, 6400 అంటే భయపడకండి. ఫోటోలో కాస్త గరుకు చుక్కలు కనబడినా ఫరవాలేదు, కదలిపోయిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు. మెల్లగా మేసే ఫెజెంట్‌కు సెకనులో 160వ వంతు షటర్ వేగం సరిపోతుంది. కొమ్మ మీద కుదురుగా ఉండని ఫ్లేమ్‌క్రెస్ట్‌కు 1,600వ వంతు పెట్టినా పది ఫోటోల్లో తొమ్మిది ఖాళీ కొమ్మలే. బొటనవేలంత పిట్ట, తల మీద నిప్పురంగు చార. అందరినీ విసిగిస్తుంది. అందుకే అందరికీ ఇష్టం.

ఇంకో మాట. వెచ్చని వ్యాను లోంచి కెమెరాను ఒక్కసారిగా చలిగాలిలోకి తెచ్చినా పెద్ద నష్టం లేదు కానీ, చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు అద్దం మీద చెమ్మ పడుతుంది. సంచి మూసే ఉంచి, అరగంట తర్వాత తీయండి.

నేను ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాను. రావచ్చా?

రండి. తైపేలో మొదటి రోజు మీ కోసమే. నగరం నడిబొడ్డున ఉన్న బొటానికల్ గార్డెన్‌లో మలయన్ నైట్ హెరాన్ అనే గోధుమరంగు కొంగ గడ్డి మీద వానపాముల కోసం తిరుగుతుంటుంది. ఇదే పక్షి మన పశ్చిమ కనుమల్లోనూ ఉంది. అక్కడ దాని నీడ చూడటమే గగనం. తైపేలో మాత్రం పిల్లల తోపుడుబళ్ళ పక్కన పెరటికోడిలా నడుస్తుంది. ఊరివాళ్ళు ముద్దుగా పెద్ద మొద్దు పక్షి అంటారు. నేర్చుకోవడానికి దీనికన్నా ఓపికైన గురువు దొరకదు. అదే తోటలో మన కంసాలి పిట్టకు చుట్టమైన తైవాన్ బార్బెట్ కూడా ఉంటుంది. ఒంటి మీద అయిదు రంగులుంటాయని దాన్ని అయిదు రంగుల పక్షి అంటారు.

ఫోనుతో మాత్రమే వస్తానన్నవారు కూడా ఉన్నారు. హెహ్వాన్‌షాన్ మీద తెల్లమీసాల లాఫింగ్‌థ్రష్ బూట్ల దగ్గరికి వచ్చి తిరుగుతుంది, దాన్ని ఫోనుతో తీయవచ్చు. మిగతా వాటికి బైనాక్యులర్ తెచ్చుకోండి.

నీలి మ్యాగ్‌పై కనబడుతుందా?

తైపే శివారు కొండల్లో బాగానే అవకాశం ఉంది. కాకి కుటుంబంలో పుట్టిందంటే నమ్మలేరు: నీలం ఒళ్ళు, నల్లని తల, ఎర్రని ముక్కు, ఒంటికన్నా పొడవైన తోక. ముందు ఏడు పుట్టిన పిల్లలు ఈ ఏడు తల్లిదండ్రులకు పిల్లల పెంపకంలో సాయం చేస్తాయి. ఉమ్మడి కుటుంబం, కోపమూ ఉమ్మడే. గూడు దగ్గరికి వెళితే వెనక నుంచి వచ్చి తల మీద తన్నుతాయి.

తైనాన్ తీరంలో ఏముంది?

నేలపట్టులో చెట్ల మీద గూళ్ళు కట్టే తెడ్డుమూతి కొంగ మీకు తెలిసే ఉంటుంది. దాని అరుదైన చుట్టం, నల్లమొహం తెడ్డుమూతి కొంగ, కొరియా పక్కనున్న దీవుల్లో పిల్లల్ని పెంచి చలికాలానికి ఇక్కడికి వస్తుంది. 1990 ప్రాంతంలో ప్రపంచమంతా కలిపి 300 పక్షులు కూడా లెక్కకు రాలేదు. ఇప్పుడు సుమారు 7,000. అందులో సగానికి పైగా చలికాలం గడిపేది తైవాన్‌లోనే. మధ్యలో 2002–03 చలికాలంలో బొట్యులిజం అనే విషవ్యాధితో 73 పక్షులు చనిపోయాయి. ఆ దెబ్బ నుంచి కూడా కోలుకున్నాయి.

చీగూ దగ్గర చేపల చెరువుల్లో పట్టుబడి అయ్యాక నీరు తగ్గిస్తారు. మోకాలి లోతు నీళ్ళలో మిగిలిన చిన్న చేపలే వీటి విందు. మేము వెళ్ళే సమయానికి చాలా పక్షులు ఉత్తరానికి బయలుదేరి ఉంటాయి. మిగిలినవాటికి తల వెనక, రొమ్ము మీద పసుపు రంగు వస్తుంది. వంద పక్షుల గుంపుకన్నా ఆ పసుపు తేలిన ఒక్క జంట ఫోటోకు నయం అన్నది నా అభిప్రాయం. మా సహచరుడు ఒప్పుకోడు.

ఎత్తు వల్ల ఇబ్బంది ఉంటుందా? ఎంత నడవాలి?

నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు, అదీ ఎక్కువగా రోడ్డు మీదే. మోకాళ్ళకన్నా నడుముకే పరీక్ష. హెహ్వాన్‌షాన్ దగ్గర ఊలింగ్ కనుమ 3,275 మీటర్లు, తైవాన్‌లో బండి వెళ్ళే రోడ్డులో ఇదే అత్యంత ఎత్తు. అక్కడ కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. అందుకే ముందు మూడు రాత్రులు దాశ్వేషాన్ ఎత్తులో ఉంచుతాం, కనుమ మీద రాత్రి బస చేయం. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు డాక్టరును అడిగి, ఆ మాట మాకూ చెప్పండి.

శాకాహారం దొరుకుతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. బౌద్ధం వల్ల తైవాన్‌లో శాకాహార హోటళ్ళు ఊరూరా ఉన్నాయి. ముందు స్వస్తిక గుర్తు కనబడితే అది శాకాహారానిదని తెలుసుకోండి. చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కార్తీక మాసం చేసేవాళ్ళు కూడా నిశ్చింతగా తినవచ్చు. "వో చీ సు" అనండి చాలు, శాకాహారినని అర్థం. కారం మాత్రం ఆశించకండి. కొండ మీద బసలో రెండో రోజుకే అందరి చేతులూ మా కందిపొడి డబ్బా వైపు వస్తాయి.

మాంసం పచ్చళ్ళు తేవద్దు. ప్రేమగా పెట్టి పంపినా సరే, అమ్మకు నచ్చజెప్పి ఇంట్లోనే వదలండి. మాంసంతో చేసిన పదార్థాలకు అనుమతి లేదు. పంది మాంసం అయితే తొలి తప్పుకే 2 లక్షల తైవాన్ డాలర్ల జరిమానా. తాజా పండ్లు కూడా తేకూడదు.

వీసా సంగతి?

భారత పాస్‌పోర్టుకు ముందస్తు అనుమతి కావాలి. భారత్‌కూ తైవాన్‌కూ అధికారిక దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఎంబసీ ఉండదు. ఆ పని తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రం చేస్తుంది, చెన్నైలో దాని కార్యాలయం ఉంది. అమెరికా, బ్రిటన్, జపాన్, షెంగెన్ వంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారికి ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రయాణ అనుమతి పత్రం దొరికే వీలుంది. నిబంధనలు మారుతుంటాయి, దరఖాస్తు రోజున అధికారిక వెబ్‌సైట్ చూసి గాని ఏదీ నింపకండి.

భూకంపాలంటే భయం...

అక్కడ భూమి కదలడం మామూలే. 1999 సెప్టెంబరు 21న పెద్ద భూకంపం వచ్చింది, 2024 ఏప్రిల్ 3న హ్వాలియెన్ దగ్గర మరొకటి. కట్టడాలు, హెచ్చరికల ఏర్పాట్లు గట్టివి. తూర్పు తీరం కొండరోడ్లు మా మార్గంలో లేవు. కొండ మీద రోడ్డు మూసేస్తే ఆ రోజు ప్రణాళిక మారుతుంది. దాని గురించి వాదన పెట్టుకోకూడదని ముందే చెబుతున్నాం.

ధరలో ఏమేమి ఉన్నాయి?

బస, వ్యాను, గైడు, ఉదయం ఫలహారం, రాత్రి భోజనం, ప్రవేశ రుసుములు. విమాన టికెట్టు, వీసా, బీమా, మధ్యాహ్న భోజనం మీవి. కెమెరాకు బీమా వేరుగా చేయించండి.

మా వారికి పక్షులంటే ఆసక్తి లేదు. తోడుగా రావచ్చా?

రావచ్చు, ఒక్క షరతు మీద: తెల్లవారుజామున నాలుగున్నరకు వ్యాను బయలుదేరుతుంది, హారన్ కొట్టం. రానివారు బసలోనే ఉండవచ్చు. అలీషాన్‌లో 1912 నాటి కొండరైలు ఉంది, సూర్యోదయం ఉంది, టీ తోటలున్నాయి. గత యాత్రలో ఒకాయన ఇలాగే భార్యకు తోడుగా వచ్చి, మొదటి రెండు రోజులు వ్యానులో నిద్రపోయారు. మూడో రోజు పొదలో తంతి యంత్రం కొట్టినట్టు ఏదో మోగుతోందని కిందికి దిగారు. తైవాన్ బుష్ వార్బ్లర్ అది, కూత వినబడటమే గాని మనిషికి కనబడదు. ఆయన మిగిలిన యాత్ర అంతా దాన్ని వెతుకుతూనే ఉన్నారు. ఈ మార్చికి కూడా పేరు ఇచ్చారు. ఆవిడ రావడం లేదట.